తువ్వాల కింది భాష

పోయిన నెలలో ఒక పొద్దున, కుక్కర్ మూడో కూత ఎప్పుడొస్తుందా అని వంటింటి వైపు ఒక చెవి పెట్టుకుని పేపరు చదువుతుంటే, ఆదోనిలో మా ఇంటి గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి "సలూతోన్!" అంది. మా వీధిలో ఎవరింటికి ఎవరొచ్చినా "ఉన్నారా?" అంటారు, లేకపోతే గేటు గొళ్ళెం ఆడిస్తారు. ఆ పలకరింపు విని ఎన్నేళ్ళయిందో నేను లెక్క పెట్టుకోలేదు, పెట్టుకోదలచుకోలేదు కూడా. అయినా దానికి చెప్పవలసిన జవాబు నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగి, కళ్ళజోడు సవరించుకుని, "ఎవరమ్మా, ఎవరు కావాలి?" అన్నాను. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని. తెలిసిన జవాబును మింగడం నాకు అంత కష్టమైన పని కాదు.

ఆ అమ్మాయి పేరు కావ్య. ఎమ్మిగనూరు తిమ్మప్ప మనవరాలు. తిమ్మప్ప అంటే ఎమ్మిగనూరు సంతలో మా నాయనతో పాటు ఎద్దుల దళారీ చేసిన మనిషి, దళారులందరిలోకీ పెద్ద. ఆయన పోయి చాలా కాలమైంది. కావ్య కర్నూలులో డిగ్రీ చదువుతూ ఫోన్లో ఎస్పెరాంటో నేర్చుకుంటోందట. "ఏ దేశానిదీ కాని బాస అవ్వా ఇది. ఎవరి సొంతమూ కాకుండా అందరికీ సమానంగా ఉండాలని ఒకాయన కూచుని తయారు చేసినాడంట. లోకమంతా ఆడొకరు ఈడొకరు మాట్లాడతారు," అని నాకు విడమరచి చెప్పింది. మొదటిసారి వింటున్నట్టు నేను తల ఊపాను. ఇంట్లో వాళ్ళు ఏమన్నారని అడిగాను. వాళ్ళమ్మ దీనితో ఉద్యోగం వస్తుందా అని అడిగిందట, రాదంటే సరేలే అందట. అన్న టైంపాస్ అన్నాడట. హాస్టల్ పిల్లలు రెండు మాటలు నేర్పించుకుని ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నారట. "ఎవరూ నవ్వలేదా?" అన్నాను. "ఎందుకు నవ్వుతారవ్వా?" అంది, నిజంగానే అర్థం కాక. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "మీ నాయన గూడా ఈ బాస నేర్చుకున్నాడంట కదా, మా ఇంట్లో సెప్పినారు. నీకు రాదంటలే. అయినా ఒకసారి అడుగుదామని వచ్చినాను," అంది. నాకు రాదన్న సంగతి తిమ్మప్ప ఇంట్లో మూడు తరాలుగా భద్రంగా ఉందన్నమాట. ఉండాలి మరి, ఆ ఇంటివాళ్ళకు ఆ మాట చెప్పింది నేనే.

మా నాయన పేరు ఈరన్న. మా ఇంట్లో ఎప్పుడూ కొత్త పలుపుల వాసన, ఎద్దుల పుండ్లకు రాసే వేపనూనె వాసన, వాటి మధ్య నుంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన కలిసి ఉండేవి. సంత రోజు నాయన చీకటితోనే లేచి, తొట్టి దగ్గర కూర్చుని సీకాయ పొడితో చేతులు మోచేతుల దాకా కడుక్కునేవాడు. మొహం ఏదో రెండు చేరల నీళ్ళతో అయిపోయేది గాని చేతులకు మాత్రం చాలాసేపు పట్టేది. "చెయ్యి మాట్లాడాల కదమ్మా, మురికి ఉండగూడదు," అనేవాడు. తర్వాత రెండు రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఒక ఉల్లిగడ్డ. తిని లేచి దండెం మీది తువ్వాల భుజాన వేసుకునేవాడు. ఆ తువ్వాల ఆయన స్వయంగా ఉతుక్కునేవాడు. అమ్మ పొరపాటున దానితో వేడి గిన్నె దించితే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు పెంచేవాడు.

ఎద్దుల సంత చూడని వాళ్ళకు ఆ తువ్వాల సంగతి చెప్పాలి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య దళారి నిలబడతాడు. పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. ఇదంతా నోటితోనే, అరుపులతోనే. బేరం దగ్గరికి వచ్చేసరికి నోళ్ళు మూతపడతాయి. దళారి చెయ్యి చాపుతాడు, ఎదుటివాడు తన చెయ్యి అందిస్తాడు, మీద తువ్వాల కప్పుతారు. ఆ కప్పు కింద వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి మాట్లాడుకుంటారు. చుట్టూ ఎంతమంది మూగినా ఏం జరిగిందో ఆ రెండు చేతులకే తెలుసు. సిరుగుప్ప వైపు నుంచి కన్నడం వాళ్ళు వచ్చేవాళ్ళు, ఆదోని నుంచి సాయిబులు వచ్చేవాళ్ళు, ఆలూరు, నందవరం పల్లెల నుంచి రైతులు వచ్చేవాళ్ళు. "తువ్వాల కింద తెలుగు లేదు, కన్నడం లేదు, తురకం లేదు సరోజమ్మా," అనేవాడు నాయన నాతో. "అందరిదీ ఒకటే బాస. అది ఎవునికీ అమ్మ నేర్పింది కాదు. కాబట్టి తప్పు మాట్లాడితే నవ్వేటోడూ లేడు." బడికి పోకుండా, సంతలోనే తెలుగు చదవడం నేర్చుకున్న మనిషి. ఆయనకు ఎస్పెరాంటో ఎందుకు నచ్చిందని ఎవరైనా నన్ను అడిగి ఉంటే ఈ మాటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. ఆ భాష గురించి అడిగిన ఒక్కసారి నేను వేరే మాట చెప్పాను.

ఆ భాష ఆయనకు ఆదోని రైల్వే స్టేషన్లో దొరికింది. సిరుగుప్ప దళారి బసప్పను రైలెక్కించడానికి పోయాడు. మంచి ఎండాకాలం. ఏదో రైలు కదలకుండా గంటల కొద్దీ నిలబడిపోయింది. అందులో నుంచి దిగిన ఒక తెల్లాయన బెంచీ మీద కూలబడి ఉన్నాడట, మొహం ఎర్రగా కందిపోయి. నాయన చెంబుతో నీళ్ళిచ్చాడు. ఆయన తాగి, ఏదో చెప్పబోయాడు. నాయనకు అర్థం కాలేదు. అప్పుడు నాయన ఏం చేశాడో బసప్ప మా ఇంట్లో నవ్వు ఆపుకోలేక ఎన్నిసార్లు చెప్పాడో. నాయన అలవాటు కొద్దీ ఆయన చెయ్యి పట్టుకుని మీద తువ్వాల కప్పాడట. ప్లాట్‌ఫారం మీద జనం గొల్లున నవ్వారు. తెల్లాయన మాత్రం చెయ్యి లాక్కోలేదు. రైలు కదిలేముందు తన చొక్కాకు ఉన్న ఆకుపచ్చ నక్షత్రం పిన్ను, ఎస్పెరాంటో వాళ్ళ గుర్తు, తీసి నాయన చేతిలో పెట్టి, ఆ భాష గురించిన ఒక పల్చటి పుస్తకం ఇచ్చాడు. దాని చివరి పేజీలో, పోస్టులో పాఠాలు పంపే చిరునామా ఒకటి ఇంగ్లీషులో ఉంది.

నేను అప్పుడు ఎమ్మిగనూరులో పదో తరగతి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసింది నాకే. ఆ చిరునామాకు ఉత్తరం రాయమన్నాడు నాయన. నాకు తెలిసిన ఇంగ్లీషు ఉత్తరం సెలవు చీటీ ఒక్కటే. అందుకని మా నాయన మీ భాష నేర్చుకోవాలనే కోరికతో బాధపడుతున్నాడని, దయచేసి పాఠాలు మంజూరు చేయవలసిందని రాసి పంపాను. ఆ మహానుభావులు అర్థం చేసుకుని పాఠాలు పంపారు. వాటన్నిటినీ నాయన దబ్బనంతో కుట్టి పుస్తకం చేశాడు. పొద్దున్నే అమ్మ రొట్టెలు తడుతుంటే, పొయ్యికి ఇవతల నేనూ నాయనా కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు పాఠం నేను చదివి, ప్రతి వరుస కిందా నా గుండ్రటి రాతతో తెలుగులో రాసేదాన్ని. బొగ్గు ముక్కతో బండ మీద ఏబీసీడీలు దిద్దించాను. అక్షరాలు వచ్చాక ఆయనను పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఎద్దు బోవో, ఆవు బోవీనో, దూడ బోవీదో అని వచ్చిన రోజున నాయన మోకాలు చరుచుకుని నవ్వాడు. "చూసినావా సరోజమ్మా, మూడింటినీ ఒకే గాటికి కట్టేసినాడు! ఈ బాస చేసినాయన యాడనో ఎద్దుల్ని సాకినోడే." అమ్మ పిండి చేతులతోనే నుదురు కొట్టుకుంది. "ఎద్దును ఎద్దు అంటే పలకదా మీకు?" అంది. అయినా రొట్టెకు పేరేమిటని అడిగింది. పానో అని చెప్పాం. కొన్నాళ్ళపాటు, మాకు కోపం రానంతవరకూ, మా ఇంట్లో రొట్టె పానోనే. ఆ పొద్దుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. నాకు ఇష్టం లేని పనిలోకి నన్నెవరూ లాగలేదు.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. పోస్టుమాన్ విదేశీ కార్డులను వీధి మొదట్లో నుంచే గట్టిగా చదువుకుంటూ వచ్చేవాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పాట పాడినట్టు. స్టాంపులు చించి ఉంచుకునేవాడు. మంత్రాలయం వైపు నుంచి వచ్చి మా బడిలో పనిచేసే సంస్కృతం అయ్యవారు, దేవభాష ఉండగా ఈ దిక్కులేని భాష ఎందుకని నన్ను అడిగి, నాయనను అడగాల్సింది నన్నడిగినందుకు తనే నొచ్చుకున్నాడు. ఒక కానిస్టేబులు వచ్చి, బయటి దేశాల నుంచి ఉత్తరాలు ఎందుకొస్తున్నాయని విచారించి, పాఠం పుస్తకంలో కుర్చీ, బల్ల, పిల్లి బొమ్మలు చూసి, మజ్జిగ తాగి పోయాడు. పలుపులు అమ్మే ఖాదర్ సాయిబు ఒక్కడే నవ్వలేదు. "మా ఉర్దూ గూడా దండుల్లో, బజార్లలోనే పెరిగిందంటారప్పా ఈరన్నా. ముందు అందరూ నవ్వుంటారు దాన్ని చూసి," అన్నాడు. నాయన ఆ మాటను ఇంటికి వచ్చి అమ్మకు రెండుసార్లు చెప్పాడు. తెల్లాయన సంగతి చూసినవాడు కాబట్టి బసప్ప కూడా సరదాకి పది పన్నెండు మాటలు నేర్చుకున్నాడు. సంతలో వాళ్ళిద్దరూ ఎదురుపడితే "సలూతోన్" అని పలకరించుకుని, ఎద్దు నడుస్తుంటే "బోనా బోవో" అని, అంటే మంచి ఎద్దు అని, మెచ్చుకుని చిన్నపిల్లల్లా నవ్వుకునేవాళ్ళు.

నేను కాలేజీకి ఆదోని బస్సెక్కడం మొదలుపెట్టాక నా నవ్వు మారింది. ఆదోనిలో నాకు విజయ అనే స్నేహితురాలు దొరికింది. బ్యాంకు ఆఫీసరు కూతురు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు, పౌడరు వాసన వచ్చే చేతిరుమాలు వాడేది. ఆమె నన్ను స్నేహితురాలిగా పెట్టుకోవడం నాకు పెద్ద పదవి ఇచ్చినట్టుండేది. ఒకరోజు నాయన ఆదోని పనిమీద వచ్చి, కాలేజీ ముందు నిలబడి, చొక్కాకు ఆకుపచ్చ నక్షత్రం, చెప్పులకు పేడ, "సలూతోన్, ఫిలీనో!" అన్నాడు. ఫిలీనో అంటే కూతురు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. మర్నాడు కూడా నవ్వారు, నన్ను ఫిలీనో అని పిలిచి. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి, "నాయనా, ఆదోనిలో మాత్రం ఆ మాటలు వద్దు," అన్నాను. ఆయన నక్షత్రం తీసి జేబులో వేసుకున్నాడు. "సరేమ్మా. ఆదోనిలో వద్దులే," అన్నాడు. పొద్దుటి పాఠాలు నాకు బస్సు టైమవుతోందన్న సాకుతో అప్పటి నుంచి ఆగిపోయాయి. ఆయన ఒక్కడే చదువుకునేవాడు, నా రాత మీద వేలు పెట్టుకుని.

ఆ రోజుల్లోనే నందవరం రైతు ఒకాయన నాయన, బసప్పల చేతుల మీదుగా ఒక ఎద్దును కొన్నాడు. వారం తిరగకుండా అది కుంటడం మొదలుపెట్టింది. సంతలో ఇట్లాంటివి జరగకుండా ఉండవు. కొన్నాయన అరుస్తాడు, దళారి సర్దిచెబుతాడు, పెద్దమనిషి మధ్యలో కూర్చుంటాడు, అయిపోతుంది. ఈసారి అట్లా అయిపోలేదు. ఆ బేరానికి ముందు ఈరన్నా బసప్పా ఎద్దును చూస్తూ ఎవరికీ తెలియని మాట ఏదో అనుకుని నవ్వారని ఒకరు చెప్పారు. నిజమే, వాళ్ళు "బోనా బోవో" అనుకున్నారు. కానీ ఎద్దుల సంతలో పుట్టి పెరిగినవాళ్ళకు అది ఎట్లా వినిపిస్తుంది? తువ్వాల కింద ఉన్న భాష అందరికీ తెలుసు కాబట్టే సంత నడుస్తోంది. ఇప్పుడు తువ్వాల పైన, బాహాటంగా, ఇద్దరికే తెలిసిన భాష ఒకటి పుట్టింది. ఎద్దు లోపాలను ఒకరికొకరు చెప్పుకోవడానికి ఇద్దరు దళారులు దొంగ భాష తయారు చేసుకున్నారని, ఉత్తరాలు, పుస్తకాలు అన్నీ దాని కోసమేనని రెండు వారాల్లో సంతంతా నమ్మేసింది. వాళ్ళది మూర్ఖత్వమని నేను అనలేను. వాళ్ళ బతుకులో తెలియని మాటకు అదొక్కటే అర్థం ఉంది.

ఒక ఆదివారం పొద్దున తిమ్మప్ప, ఇంకో నలుగురు దళారులు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అదే రోజు విజయ మా ఇంటికి వచ్చి ఉంది. మా అమ్మ చేసే చెనిక్కాయ ఓళిగల గురించి, అంటే వేరుశనగ బొబ్బట్ల గురించి, నేను చెప్పీ చెప్పీ, తినడానికి రమ్మని నేనే పిలిచాను. ఇంట్లో బెల్లం, నెయ్యి వాసన. వచ్చినవాళ్ళు కోపంగా లేరు. తిమ్మప్ప చెంబు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"ఈరన్నా, నీ మీద మాకు పగ లేదప్పా. ఇన్నేండ్లు నీ చెయ్యి పట్టినోడిని, నాకు తెలీదా నీ సంగతి? కానీ సంతలో జనం అడుగుతాండారు. ఆ మాటలు ఏందో సెప్పు."

"అది మోసం బాస కాదు తిమ్మప్పా," అన్నాడు నాయన. "దేశదేశాల వాళ్ళు మాట్లాడే బాస. ఇదో, పుస్తకం." లోపలికి పోయి, దబ్బనంతో కుట్టిన పాఠాలు తెచ్చి అరుగు మీద తెరిచి పెట్టాడు. "నా మాట నమ్మొద్దులేప్పా. నా కూతురు సదువుకునింది. దాన్ని అడుగు."

నన్ను పిలిచాడు. సంతోషంగానే పిలిచాడు. సాక్షి దొరికినవాడు పిలిచినట్టు పిలిచాడు. నేను గడపలోకి వచ్చాను. నా వెనకాలే విజయ వచ్చి నిలబడింది. పౌడరు వాసన తగిలింది. "ఏం భాష సరోజా, ఆ ఫిలీనోనా?" అని నా చెవిలో గుసగుసగా అని నవ్వు ఆపుకుంది.

తిమ్మప్ప నా వైపు తిరిగాడు. "పాపా, నువ్వు ఆదోనిలో పెద్ద సదువు సదువుతాండావు. నువ్వు ఏం సెప్తే అది నమ్ముతాం. మేము అడిగేది ఒకటే. ఇది యా దేశం బాస?"

"ఏ దేశం భాషా కాదు," అన్నాను.

అది నిజం. అంతకంటే నిజమైన మాట ఆ పుస్తకం గురించి ఎవరూ చెప్పలేరు. ఆ మాట తర్వాత ఇంకో మాట చెప్పాలని నాకు తెలుసు. ఏ దేశానిదీ కాకుండా ఉండాలనే దాన్ని తయారు చేశారని, మీ తువ్వాల కింది భాష లాంటిదే ఇదీ అని ఒక్క మాట చెబితే ఆ అరుగు మీద కూర్చున్న అయిదుగురికీ చటుక్కున అర్థమై ఉండేది. ఆదోని కాలేజీ మొత్తానికి అర్థం కాకపోయినా వాళ్ళకు అర్థమై ఉండేది. నేను చెప్పలేదు.

"నీకేమన్నా వచ్చునా ఇది?"

"రాదు. నాకేం తెలీదు."

పుస్తకం తెరిచే ఉంది. ప్రతి వరుస కిందా నా రాత. ఆ వచ్చినవాళ్ళలో చదవగలిగినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకడు ముందుకు వంగాడు. నాయన ఏ తొందరా లేకుండా పుస్తకం మూశాడు, అట్టను తువ్వాలతో ఒకసారి తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ పిల్లకేం తెలుసులేప్పా," అన్నాడు. "లోపలికి పోమ్మా, నీ సావాసగత్తె నిలబడి ఉండాది." నా అబద్ధం బయటపడకుండా ఆయనే కప్పాడు. నేను లోపలికి వచ్చి విజయకు ఓళిగల మీద నెయ్యి వేశాను. చాలా బాగున్నాయంది.

ఎవరూ ఆయనను తిట్టలేదు, సంతకు రావద్దనలేదు. తర్వాతి సంతలో నాయన చెయ్యి చాపితే ఎవరూ చెయ్యి అందించలేదు, అంతే. ఎద్దుల సంతలో వెలి అంటే అదే. ఆ తర్వాతి సంతలోనూ అంతే. సీకాయ పొడితో చేతులు కడుక్కుని, రొట్టె తిని, ఉతికిన తువ్వాల భుజాన వేసుకుని పోయి, పొద్దు వాలేదాకా నిలబడి, మడత నలగని తువ్వాలతో తిరిగొచ్చేవాడు. బసప్ప కూడా తన బతుకు చూసుకోవాలి కాబట్టి దూరం జరిగాడు. ఒక పంటకాలం అట్లా గడిచాక నాయన సంత మానేసి ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. నేను కాలేజీకి పోయే దారిలోనే ఆ మిల్లు. ఆయన తల మీద, కనుబొమల మీద దూది అంటుకుని ఉండేది. నన్ను చూస్తే తల ఊపేవాడు, తెలుగులో కూడా పిలిచేవాడు కాదు. విజయ పక్కన ఉందని.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒక దెబ్బ కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నేను క్షమించమని అడగలేదు. మొదట్లో సిగ్గు వల్ల అడగలేదు, తర్వాత అది పాత సంగతి అయిపోయిందనుకుని అడగలేదు, ఆ తర్వాత నా పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. ఆసుపత్రిలో చివరి రోజున ఆయనకు మాట పడిపోయింది. దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కాడు. రెండు వేళ్ళు నొక్కి వదిలాడు, మళ్ళీ రెండు నొక్కాడు. ఏదో చెబుతున్నాడు. సంతలో ఏ దళారికైనా అర్థమయ్యేది. నిజంగానే నాకు రాని భాష అది. ఆయన పోయాక పుస్తకం కోసం, నక్షత్రం కోసం పెట్టె వెతికాను. రెండూ లేవు. ఆ అరుగు మీది పొద్దు తర్వాత ఆయన ఆ భాషను వదిలేశాడనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. అట్లా అనుకోవడంలో నాకు కొంత సౌకర్యం కూడా ఉంది. ఇద్దరం వదిలేశాం కదా అని.

"మా ఇంట్లో ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటారవ్వా," అంది కావ్య, కాఫీ గ్లాసు కింద పెట్టి. "మా జేజి అంటాది, ఆ కాలంలో మాకేం తెలుసు, ఈరన్నది దొంగ బాస అనుకుంటిమి అని. పాపం అంటాది." జేజి అంటే వాళ్ళ అవ్వ, తిమ్మప్ప భార్య. అవును, వాళ్ళకేం తెలుసు. వాళ్ళు తెలియక చేశారు, తెలిశాక పాపం అనుకున్నారు, దానితో వాళ్ళ వంతు తీరిపోయింది. నాయన కాక, ఆ అరుగు దగ్గర తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు సంతలో బేరాలు ఫోన్లలో జరుగుతున్నాయి, సగం ఎద్దుల చోట ట్రాక్టర్లు వచ్చాయి, ఎస్పెరాంటో నేర్చుకునే అమ్మాయిని చూసి నవ్వేవాళ్ళు లేరు. కాలం మారిందని నేనూ సంబరపడొచ్చు. కానీ ఆ రోజు నన్ను ఆపింది కాలం కాదు. వెనక నిలబడిన ఒక పౌడరు వాసన.

కావ్య ఫోను తీసింది. ఏదో దేశంలో పాత ఎస్పెరాంటో పత్రికలన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టారట. అందులో ఎమ్మిగనూరు పేరు కనబడి అదిరిపోయానంది. కొత్త సంవత్సరానికి దేశదేశాల వాళ్ళు పంపిన చిన్న చిన్న శుభాకాంక్షలు. ఆమె వేలుతో పెద్దది చేసి, ముందు ఆ భాషలో చదివి, తర్వాత నా కోసం తెలుగులో చెప్పింది. "ఎమ్మిగనూరు నుంచి ఈరన్న, పత్తి మిల్లు పనివాడు. అందరికీ శుభాకాంక్షలు. మా ఊళ్ళో ఈ భాష తెలిసినవాళ్ళం ఇద్దరం. నేను, నాకు నేర్పిన మనిషి." తర్వాతి ఏడాదిదీ అదే. ఆ తర్వాతి ఏడాదిదీ అదే. చివరిగా దొరికినదానిలో ఒక వాక్యం ఎక్కువ ఉంది. "నాకు నేర్పిన మనిషికి ఇప్పుడు తీరిక లేదు, కానీ మరిచిపోయి ఉండరు." ఆమె తెలుగులో చెప్పకముందే నాకు అర్థమైంది. ప్రతి మాటా అర్థమైంది.

"ఆ రెండో ఆయన ఎవరవ్వా?" అంది కావ్య. "ఊర్లో ఎవర్ని అడిగినా తెలీదంటాండారు. ఎవురో పెద్ద సదువు సదువుకున్నాయనే అయ్యుండాల. మీ ఇంటికి ఎవరన్నా వచ్చేటోళ్ళా?"

ఆ పిల్ల ముఖంలో ఎంత ఆశ ఉందో. నా వెనక ఎవరూ నిలబడి లేరు. ఇల్లంతా ఖాళీ, కుక్కర్ కూడా ఎప్పుడో ఆగిపోయింది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

"నాకేం తెలీదమ్మా," అన్నాను.

అదే మాట, అదే గొంతుతో. "పోనీలే అవ్వా," అని ఆ పిల్ల నన్నే ఓదార్చి, గేటు దగ్గర వెనక్కి తిరిగి "జిస్ రెవీదో!" అంది. మళ్ళీ కలుద్దాం అని. దానికీ నేను చెయ్యి మాత్రమే ఊపాను. ఎమ్మిగనూరు బస్సు వెళ్ళేదాకా వాకిట్లో నిలబడి లోపలికి వచ్చాను. అప్పటి నుంచి ఈ పేజీలు రాస్తున్నాను. నోటితో చెప్పలేని మనిషిని అని రెండుసార్లు రుజువైంది కాబట్టి రాత మీదే ఆశ.

కావ్యా, ఇది అచ్చయ్యాక నువ్వు చదువుతావు. చదివి మీ జేజికి కూడా వినిపించు. మీ తాత మా అరుగు మీద కూర్చుని అడిగిన రెండో ప్రశ్నకు నేను చెప్పిన జవాబు అబద్ధం. నువ్వు వెతుకుతున్న ఆ రెండో మనిషిని నేనే. ఆ భాష నాకు వచ్చు.